నెల తప్పి ఐదు రోజులైంది: ఫోలిక్ బిళ్ళ ఇప్పుడా, మూడో నెల నిండాకా?

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు, పెళ్ళయి ఆరు నెలలు. కాపురం పాకాల దగ్గర, తిరుపతిలో బట్టల షాపులో పని. నెలసరి రావాల్సిన తేదీ దాటి ఐదు రోజులైంది. రెండు నెలల కిందట మెడికల్ షాపులో ఫోలిక్ యాసిడ్ అడిగితే 5 ఎంజీ పట్టీ ఇచ్చారు. నెట్‌లో చూస్తే 400 మైక్రోగ్రాములని ఉంది, భయమేసి బీరువాలో పెట్టేశాను. మా అత్తేమో మూడో నెల నిండేదాకా ఏ ఇంగ్లీషు బిళ్ళా మింగొద్దు, వేడి చేసి కడుపు పోతుంది అంటోంది. ఇంట్లో ఆకుకూరలు బాగానే తింటాం. ఏం చేయాలి?

జవాబు:

పాపా, మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు. ముందు లేచి బీరువాలో ఉన్న ఆ పట్టీ తీసి ఒక బిళ్ళ వేసుకో. నీళ్ళతో చాలు, బువ్వకి ముందా తర్వాతా అని చూడనక్కర్లేదు. ఫిట్స్‌కో, కీళ్ళవాతానికో, సోరియాసిస్‌కో మందు వాడే మనిషివైతే మాత్రం ఆగు. ఆ సంగతి కింద రాశాను, ముందు అది చదివి, రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పో.

ఇంత తొందర ఏంటికంటావా? లెక్క చెప్తా. నీకు 28 రోజులకోసారి నెలసరి వస్తుందనుకుందాం. కడుపు నిలిచేది నెలసరి మొదలైన రోజు నుంచి పద్నాలుగో పదిహేనో రోజు ప్రాంతంలో. రావాల్సిన తేదీ దాటి ఐదు రోజులైందంటే, కడుపే అయితే లోపలున్నదానికి ఇప్పటికే 19 రోజులు. బిడ్డ మెదడుకీ వెన్నుపాముకీ మూలమైన నాళం పూర్తిగా మూసుకునేది 28వ రోజుకి. నీకు మిగిలింది తొమ్మిది రోజులు. మీ అత్త చెప్పినట్టు మూడో నెల నిండేదాకా ఆగితే, ఆ పని ముగిసిపోయి నెలన్నర దాటి ఉంటుంది.

ఆ నాళం ఎట్లా తయారవుతుందో కూడా తెలుసుకో, అప్పుడు నీకే అర్థమవుతుంది. మొదట అది చాప పరిచినట్టు బల్లపరుపుగా ఉంటుంది. మూడో వారంలో రెండంచులూ పైకి లేచి, ఒకదానికొకటి ఎదురొచ్చి, మెడ భాగంలో మొదట అతుక్కుంటాయి. అక్కడి నుంచి జిప్పు లాగినట్టు ఒకవైపు తలకి, ఒకవైపు నడుము కిందికి మూసుకుంటూ పోతాయి. తలవైపు కొస 25వ రోజు ప్రాంతంలో, నడుమువైపు కొస ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో. అప్పటికి బిడ్డ కందిగింజంత కూడా ఉండదు. తలవైపు మూసుకోకపోతే పుర్రె పైభాగం, మెదడు ఏర్పడవు, ఆ బిడ్డ బతకదు. నడుమువైపు మూసుకోకపోతే స్పైనా బైఫిడా అంటారు. వెన్ను మీద గడ్డలాగా ఉబికి ఉంటుంది, కాళ్ళలో సత్తువ ఉండకపోవచ్చు, ఒంటికీ రెంటికీ పట్టు ఉండకపోవచ్చు, చాలామందికి తలలో నీరు చేరుతుంది. ఆ రోజుల్లో కణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగిపోతుంటాయి. కొత్త కణానికి డీఎన్ఏ తయారుకావాలంటే ఫోలేట్ కావాలి. అంచులు కలిసే వేళకి ఆ సరుకు తక్కువైతే అతుకు పడదు.

నిన్ను భయపెట్టడానికి రాయలేదు. మన దేశంలో వేసిన లెక్కల్లో ఈ లోపం వెయ్యి కాన్పులకు నాలుగైదు. ఏ బిళ్ళా మింగని ఆడవాళ్ళలో కూడా దాదాపు అందరికీ బిడ్డలు బాగానే పుడతారు. అయితే ఒక నిజం దాచను. రెండు నెలల కిందట ఆ పట్టీ తెచ్చిన రోజే మొదలుపెట్టి ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే రక్తంలో నిల్వ పెరగడానికి వారాలు పడుతుంది. ఇప్పుడు మొదలుపెడితే అంత కాపుదల ఉండదు. ఉన్నంతలో తొమ్మిది రోజులూ వదులుకోవద్దు.

నేను డాక్టర్ని కాదు. తిరుపతి వేరే జిల్లా కాకముందు, అంతా ఒకే చిత్తూరు జిల్లాగా ఉన్నప్పుడు ఏఎన్ఎంగా చేరి, హెల్త్ సూపర్‌వైజరుగా రిటైరయినాను. కొండకింద పల్లెల్లో, మామిడితోపుల మధ్య సబ్ సెంటర్లలో ముప్పై ఏళ్ళ పైన గడిచింది. ఎన్ని కాన్పులు చూశానో లెక్కపెట్టలేదు గానీ ఒకటి మాత్రం పోదు.

1996. కరెంటు పోయిన రాత్రి, లాంతరు వెలుతురు. మొదటి కాన్పు, పంతొమ్మిదేళ్ళ పిల్ల, మేనమామకే ఇచ్చినారు. బిడ్డ తల నా చేతికి తగిలినప్పుడు గుండ్రంగా లేదు. కనుబొమ్మల పైన ఇంకేమీ లేదు. గుడ్డ కప్పి పక్కన పెట్టి, నేను ఏమీ మాట్లాడలేదు. ఆ పిల్ల "అక్కా, ఏడవలేదేం?" అని అడిగింది. గుమ్మం దగ్గర నిలబడిన ముసలామె నాకంటే ముందే చెప్పేసింది: "గ్రహణం పూట కత్తిపీట ముందర కూచోవద్దంటే వినిందా?" ఆ మాట అక్కడే ఆ పిల్ల నెత్తిన పడింది. తర్వాత మూడేళ్ళు ఆ ఇంట్లో ఏ తప్పు జరిగినా ఆ కత్తిపీటనే గుర్తుచేసేవాళ్ళు.

నాకు ఇప్పటికీ కడుపు మండే సంగతి ఏంటంటే, దానికి ఐదేళ్ళ ముందే, 1991లో, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ళు తేల్చేసినారు. ఒకసారి అట్లాంటి బిడ్డ పుట్టిన తల్లులకు మళ్ళీ కడుపు రాకముందు నుంచే రోజూ 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్ళీ అదే లోపం రావడం 72 శాతం తగ్గింది. మరుసటి ఏడాది హంగేరీలో మొదటి కాన్పు వాళ్ళలోనూ పనిచేస్తుందని చూపించినారు. 1999లో చైనాలో 400 మైక్రోగ్రాములే చాలునని లక్షలమందిలో కనిపించింది. నాకు అప్పట్లో ఇవేవీ తెలియవు. మా ట్రైనింగులో ఫోలిక్ యాసిడ్ అంటే రక్తానికి, అంతే. ఆ పిల్ల రెండోసారి కడుపుకి ముందే రాయవేలూరు తీసుకుపోతే అక్కడ డాక్టరమ్మ చీటీ రాసి, నాకు కూర్చోబెట్టి చెప్పింది. ఆ రెండోవాడు ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం.

నువ్వు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మన ఆడవాళ్ళకి ఫోలిక్ యాసిడ్ తెలియదని పైవాళ్ళు అంటుంటారు. అది సరిగాదు. అంగన్‌వాడీలో మీటింగ్ పెట్టి "ఫోలిక్ బిళ్ళ పేరు విన్నోళ్ళు చేయెత్తండి" అంటే చేతులన్నీ లేస్తాయి. "ఏంటికి వేసుకుంటారు?" అంటే "రక్తానికి", "బలానికి", "బిడ్డ తెల్లగా పుట్టడానికి". "ఎప్పుడు మొదలుపెట్టినారు?" అంటే "కార్డు రాసినప్పుడు". నెల తప్పకముందే వేసుకున్నవాళ్ళు చేయెత్తండి అంటే, ఎన్నేళ్ళుగానో పిల్లల్లేక తిరుపతిలో మందులు వాడినామె ఒక్కతే ఎత్తుతుంది. పేరు అందరికీ తెలుసు, తేదీ ఎవరికీ తెలియదు. తప్పు వాళ్ళది కాదు. మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటికి చెప్పకూడదన్న ఆచారం ఒకపక్క, మనిషి ఆసుపత్రికి వచ్చాకే బిళ్ళ ఇచ్చే మా పద్ధతి ఇంకోపక్క. రెండూ కలిసి బిళ్ళని ఎప్పుడూ ఆలస్యంగానే చేర్చాయి.

దీనికి తోడు ఎర్రబిళ్ళ గందరగోళం. నాలుగో నెల నుంచి 180 రోజులు ఇచ్చే ఎర్రబిళ్ళలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు ఉంటాయి. అది రక్తం కోసం, మంచిదే, వేసుకోవాల్సిందే. నాళం సంగతికి మాత్రం అది వచ్చేసరికి ఊరేగింపు వెళ్ళిపోయి ఉంటుంది. బడిలో ఆడపిల్లలకి వారానికొకటి ఇచ్చే నీలం బిళ్ళ కూడా అంతే, వారానికి 500 మైక్రోగ్రాములు ఈ పనికి చాలవు. కడుపు కోసం చూసేవాళ్ళకి, మొదటి మూడు నెలల వాళ్ళకి విడిగా రోజుకి 400 మైక్రోగ్రాముల బిళ్ళ ఇవ్వాలని 2018లో వచ్చిన అనీమియా ముక్త్ భారత్ (రక్తహీనత పోగొట్టే ప్రభుత్వ పథకం) మార్గదర్శకాల్లోనే ఉంది. అడిగి తీసుకోవాలి, అడగకపోతే ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు.

(ఎర్రబిళ్ళ మాట వచ్చింది కాబట్టి: ఒకింట్లో గర్భిణిని పట్టీలు ఎన్ని అయినాయని అడిగితే ఆమె "అన్నీ అయిపోయినాయక్కా" అనింది. అంతలో ఆడపడుచు కొడుకు, మూడేళ్ళవాడు, దోసిలినిండా ఎర్రబిళ్ళలు పట్టుకొచ్చి గోలీలని నాకు చూపించినాడు. నా గుండె ఆగిపోయింది. చిన్నపిల్లలు ఇనుము బిళ్ళలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. మింగకపోతే మింగలేదని చెప్పండి, పారేయాలనుకుంటే మాకే తిరిగివ్వండి, చెట్టు కింద పోయొద్దు.)

ఇక నీ 5 ఎంజీ భయం. ఒక మిల్లీగ్రాము అంటే 1000 మైక్రోగ్రాములు, కాబట్టి నీ దగ్గరున్నది 5000. అవసరమైన 400కి పన్నెండున్నర రెట్లు. వినడానికి ఘోరంగా ఉంది గానీ విషం కాదు. నీళ్ళలో కరిగే విటమిను, ఒంటికి ఎక్కువైంది చాలావరకు మూత్రంలో పోతుంది. మన దగ్గర షాపుల్లో ఎక్కువగా దొరికేది, డాక్టర్లు ఎక్కువగా రాసేది కూడా అదే. నాలుగు రోజులు అది వేసుకున్నందుకు నీకూ బిడ్డకీ ఏమీ కాదు. అట్లని నెలల తరబడి నీ అంతట నువ్వే వాడొద్దు. మామూలు మనిషి బిళ్ళల ద్వారా రోజుకి 1000 మైక్రోగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టడానికి ఒక కారణముంది. ఒంట్లో బీ12 అనే విటమిను తక్కువగా ఉన్నవాళ్ళకి పెద్ద మోతాదు ఫోలిక్ యాసిడ్ పడితే రక్తపరీక్ష బాగైనట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు మొదలయ్యేదాకా తెలియదు.

బీ12 ఉండేది పాలు, గుడ్డు, మాంసం, చేపల్లో. మన పక్క దానికి తక్కువేమీ లేదనిపిస్తుంది. తీరా ఇంట్లోకి పోయి చూస్తే, కొట్టంలో నాలుగు సీమావులుంటాయి, పాలన్నీ తెల్లారేసరికి డెయిరీ క్యానులోకి పోతాయి, కోడలికి టీలో కలిపినవే మిగుల్తాయి. శనివారం, సోమవారం, ఏకాదశి, స్వామి మాల అని ఆడవాళ్ళు గుడ్డు ముట్టని రోజులు నెలలో సగం. అందుకని రేపు రక్తపరీక్షకి పోయినప్పుడు బీ12 కూడా చూడమని అడుగు, 400 మైక్రోగ్రాముల బిళ్ళకి మార్పించుకో.

పెద్ద మోతాదే కావాల్సినవాళ్ళు కొందరున్నారు. అంతకుముందు ఇట్లాంటి లోపమున్న బిడ్డ పుట్టినా, తీసేయాల్సి వచ్చినా, భార్యాభర్తల్లో ఒకరికి పుట్టుకతో వెన్నులోపమున్నా, షుగరున్నా, మనిషి బాగా లావైనా, తలసీమియాలాంటి రక్తజబ్బున్నా, కొన్ని రకాల ఫిట్స్ మందులు వాడుతున్నా డాక్టర్లు 4 నుంచి 5 మిల్లీగ్రాములు రాస్తారు. ఫిట్స్ మందుల్లో వాల్‌ప్రోయేట్ అనేది ఈ లోపాన్ని పెంచేదే. అయినా భయపడి దాన్ని నువ్వే ఆపేయకూడదు, ఫిట్ వస్తే ఇద్దరికీ ప్రమాదం. తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో పోయి, కడుపు కోసం చూస్తున్నామని చెప్పి, ముందుగానే మందు మార్పించుకోవాలి. కీళ్ళవాతానికీ సోరియాసిస్‌కీ వారానికోసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ సంగతి ఇంకా కఠినం. ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకోవడమే దాని పని. అది వాడుతూ నెల తప్పితే అదే రోజు డాక్టరు దగ్గర ఉండాలి.

ఆకుకూరలు తింటాం కదా అన్నావు. తినండి. మన పులగూర మీద నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేలో దొరికిన నాలుగు రకాల ఆకులు, ఇంత కందిపప్పు వేసి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, రాగిసంగటి ముద్దలో గుంట చేసి పోసుకుంటే దానికి సాటి లేదు. ఫోలేట్ ఆకుల్లోనూ, పప్పులోనూ, అలసందల్లోనూ, చెనిక్కాయల్లోనూ ఉంది. ఇబ్బంది రెండు చోట్ల. అది వేడికి చెడిపోతుంది, నీళ్ళలోకి దిగిపోతుంది. ఆకు ఉడికించి ఆ నీళ్ళు వంచేస్తే సగం తొట్టిలో పోసినట్టే. ఎనిపేటప్పుడు ఆ నీళ్ళే పోసుకోవాలి. రెండోది, కూరలో ఉన్న ఫోలేట్ కంటే బిళ్ళలోది ఒంటికి బాగా పడుతుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మామూలు ఆడమనిషికి రోజుకి 220 మైక్రోగ్రాములు కావాలి, గర్భిణికి 570. ఆ తేడాని గిన్నెడు కూరతో రోజూ తప్పకుండా పూడ్చడం మనలాంటివాళ్ళ వల్ల కాదు, పొద్దున ఏడుకి బస్సెక్కే నీ వల్ల అసలే కాదు.

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలని ఏరి పారేసేవాళ్ళే, అవి కూడా ఇందుకు కలిపినవే. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 పట్టించిన గింజలు. పారేయొద్దు. అట్లని వాటి మీదే ఆధారపడనూ వద్దు. కిలో బియ్యానికి ఉండాల్సిన ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు. ఆ లెక్కన 400 రావాలంటే రోజుకి మూడు నుంచి ఐదు కిలోల పైన బియ్యం వండుకుని తినాలి.

ఇంగ్లీషు బిళ్ళ వేడి అన్నమాటకి వస్తా. మొదటి మూడు నెలల్లో పోయే కడుపుల్లో సగం దాకా క్రోమోజోముల్లో వచ్చిన తేడాల వల్ల పోతాయి. ఈ బిళ్ళ వల్ల పోవు. ఇంకో సంగతి, ఇది అనుకున్నంత ఇంగ్లీషు బిళ్ళ కూడా కాదు. లూసీ విల్స్ అని ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత చూసి, ఈస్టు సారం పెడితే కోలుకుంటున్నారని 1931లో రాసింది. ఆ సారంలో ఉన్నది ఫోలేటని తర్వాత తేలింది. 1945లో అమెరికాలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ లేబొరేటరీ జట్టుని నడిపినాయన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు సంగ్రహణి అనే విరేచనాల జబ్బుతో పోయినారు. ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకీ మందయింది. ఇందాక చెప్పిన మెథోట్రెక్సేట్ కూడా ఆ లేబొరేటరీ నుంచి వచ్చిందే. మీ అత్తకి ఈ కథ చెప్పు, కొంచెం మెత్తబడుతుంది. నేను చాలా ఇళ్ళల్లో చెప్పినా.

అంతకంటే బాగా పనిచేసేది గోడ మీదుంది. మీ ఇంట్లో టీటీడీ క్యాలెండరు ఉంటుంది కదా. ఒకసారి చంద్రగిరి పక్క పల్లెలో ఒక అత్త నీ అత్తలాగే పట్టు పట్టింది. నేను వాదించలేదు. పెన్సిల్ అడిగి క్యాలెండరు ముందు నిలబడినా. "పెద్దమ్మా, కోడలు తలకు పోసుకునింది ఎప్పుడు?" "కొత్త సంవత్సరం నాడే మొదలైంది." జనవరి 1 మీద సున్నా చుట్టినా. "కడుపు నిలిచింది పండక్కి." ఆమె నవ్వి పక్కకి తిరిగింది. 15 మీద ఇంకో సున్నా. "తప్పినట్టు తెలిసేది 29." సున్నా. అక్కడి నుంచి ఆమెనే లెక్కపెట్టమన్నా, వేలు పెట్టి గళ్ళ మీద ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయింది, ఫిబ్రవరి 12 దగ్గర ఆపినా. "బిడ్డ తలా వెన్నూ అతుక్కోవడం ఇక్కడితో సరి. నువ్వు బిళ్ళ ఎప్పుడివ్వమంటున్నావు?" ఆమె కాగితం తిప్పి మార్చి నెలాఖరు చూసింది, మళ్ళీ వెనక్కి తిప్పింది, ఏమీ అనలేదు. పోతా ఉంటే గేటు దాకా వచ్చి, "చిన్నకోడలికి కూడా ఇయ్యి, పెళ్ళై నెలే అయింది" అనింది. మన పక్క కొత్త జంటని శ్రీనివాసమంగాపురం తీసుకుపోతారే, ఆ వారంలోనే ఈ బిళ్ళ మొదలుపెట్టించాలని అప్పటి నుంచి నేను ఊరూరా చెప్తా ఉన్నా.

రేపు చేయాల్సింది. తెల్లారి మొదటి మూత్రంతో పరీక్ష చేసుకో. మీ ఊరి ఆశా దగ్గర నిశ్చయ్ కిట్ ఉంటుంది, ఉచితం, అడిగితే ఇస్తుంది. రెండు గీతలొస్తే పీహెచ్‌సీలో పేరు రాయించి, 400 బిళ్ళ పన్నెండు వారాలు నిండేదాకా రోజూ. ప్రతి నెలా 9న గర్భిణులకి డాక్టరు చూసే రోజుంటుంది, అది వదలొద్దు. ఎర్రబిళ్ళ నాలుగో నెల నుంచి, టీతో కాకుండా నీళ్ళతో. 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాన్ చేయించుకో, వెన్ను అంతా అందులో చూస్తారు. ఒక్క గీతే వస్తే వారం ఆగి మళ్ళీ చూసుకో, బిళ్ళ మాత్రం ఆపొద్దు. నెలసరి వచ్చినా ఆపొద్దు, వచ్చే నెల కోసం వేసుకుంటూ ఉండు.

పట్టీ బీరువాలో కాకుండా పళ్ళు తోమే బ్రష్షు పక్కన పెట్టు. గీతలు ఎన్నొచ్చాయో రేపు ఇక్కడే రాయి పాపా, చూస్తా ఉంటా.